ఆంక్షలు కంపెనీకి, శిక్ష ఆమెకు

స్త్రీల పొదుపు అలవాట్ల గురించి తెలుసుకోవడానికి పెద్దారవీడు మండలంలో తిరుగుతున్న రోజుల్లో, ఒక ఊళ్లో ఒకామె తన ఇంటి అరుగు మీద పాలిథీన్ కవరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు, డ్వాక్రా సంఘం పాసు పుస్తకం, ఒక జీవిత బీమా బాండు, రెండు రసీదులు ఉన్నాయి. బాండు భర్త పేరున ఉంది. రసీదుల మీదా ఆయన పేరే. డబ్బు మాత్రం ఆమెది. మిరపకాయ కోతలకు పోయి, రెండు మేకలు అమ్మి, ఏడాదికి 6,000 రూపాయల చొప్పున రెండేళ్లు కట్టింది. మూడో ఏడు కట్టలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకు, హైదరాబాదుకు కట్టడం పనికి వెళ్లిన భర్త అక్కడే చనిపోయాడు. పాలసీ ల్యాప్స్ అయింది కాబట్టి ఏమీ రాదని కంపెనీ చెప్పింది.

"మూడో ఏడు ఎందుకు కట్టలేదమ్మా, డబ్బు కుదరలేదా?" అని అడిగాను.

"డబ్బులుండె మేడమ్. చేతిలో పెట్టుకునే ఉంటి. ఇన్సూరెన్సు కంపెనీ మీద గవర్నమెంటోళ్లు పడినారంట, కొత్త పాలసీలు చేయొద్దని ఆపినారంట అని బజార్లో అనుకున్నారు. అగ్రిగోల్డు మాదిరి ఇది గూడా ఎత్తిపోతాదేమోనని భయపడితి. మా సంఘంలో నలుగురం ఆపేస్తిమి."

ఇది 2017 నాటి మాట. ఆ సంవత్సరం ఒక జీవిత బీమా కంపెనీ మీద ఆంక్షలు వచ్చిన మాట నిజమే. కాని ఆమె బాండు ఆ కంపెనీది కాదు. ఆమె పాలసీ తీసుకున్న కంపెనీ మీద ఏ ఆంక్షా లేదు. పైగా, ఆంక్షలు వచ్చిన కంపెనీలో సైతం పాత పాలసీలు ఆగలేదు, పాతవాళ్లు ప్రీమియం కట్టుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పిన మనిషి లేడు. పాలసీదారుల రక్షణ కోసమని హైదరాబాదులో ఒక ఉత్తర్వు తయారైంది. అది పెద్దారవీడుకు పుకారై చేరింది. ఆ పుకారు ఆమె ఇంటికి ఉన్న ఒక్క రక్షణనూ తీసేసింది.

బీమా, సాల్వెన్సీ, నియంత్రణ సంస్థ అనగానే మనలో చాలామందికి ఇవి ఆర్థికవేత్తల విషయాలనిపిస్తుంది. హింస, ఆస్తి హక్కు, కూలి రేట్ల గురించి రాసే పత్రికలో వీటికి చోటెందుకు అని అడగవచ్చు కూడా. కాని ఈ చట్టాల అమలులో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరికి సమాచారం అందుతోంది, ఎవరి డబ్బు పోతోంది అని అడిగితే, ఇది కూడా మన హక్కుల ప్రశ్నేనని తెలుస్తుంది.

ఆంక్షలు అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. పాలసీదారులకు ఇవ్వవలసింది పోను, ప్రతి బీమా కంపెనీ దగ్గర అదనంగా ఉండవలసిన ఆస్తికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కకు ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం కంటే కంపెనీ ఆస్తి తగ్గకూడదు. దీన్నే సాల్వెన్సీ నిష్పత్తి అంటారు. అది తగ్గినప్పుడు, లేదా కంపెనీ పెద్దలు పాలసీదారుల సొమ్మును సరిగా చూడనప్పుడు, నియంత్రణ సంస్థ జోక్యం చేసుకుంటుంది. కొత్త పాలసీలు అమ్మవద్దంటుంది. అవసరమైతే కంపెనీ వ్యాపారాన్ని మరో కంపెనీకి అప్పగిస్తుంది. జీవిత బీమా కంపెనీ పాలసీదారులకు నష్టం కలిగించేలా నడుస్తోందని నమ్మితే అడ్మినిస్ట్రేటర్‌ను నియమించే అధికారం 1938 నాటి బీమా చట్టంలోని 52ఎ సెక్షన్ ఇస్తోంది.

2017 జూన్ 12న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ అధికారంతోనే సహారా ఇండియా లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీకి అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. అదే నెలలో కొత్త వ్యాపారం చేయవద్దని ఆదేశించింది. జులై చివర్లో ఆ కంపెనీ వ్యాపారాన్ని ఐసీఐసీఐ ప్రుడెన్షియల్‌కు బదిలీ చేయమంది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. ముంబయిలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2018 జనవరిలో ఆ బదిలీ ఉత్తర్వును కొట్టివేసింది. 2023 జూన్ 2న నియంత్రణ సంస్థ మళ్లీ ఉత్తర్వు ఇచ్చి, దాదాపు 2 లక్షల పాలసీల బాధ్యతను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించింది. అదే నెలలో ట్రిబ్యునల్ దాన్ని కూడా నిలిపివేసింది. కంపెనీకి, నియంత్రణ సంస్థకు మధ్య ఆరేళ్లు గడిచాయి. ఈ ఆరేళ్లూ పాలసీదారు ఏం చేయాలి? కట్టాలా, ఆపాలా? రేపు క్లెయిము ఏ గడపలో అడగాలి?

ఆరోగ్య బీమాలోనూ ఇటువంటిది జరిగింది. 2019 నవంబరులో రిలయన్స్ హెల్త్ ఇన్సూరెన్స్ సాల్వెన్సీ పడిపోయిందని, కొత్త పాలసీలు ఆపి, ఉన్న పాలసీల బాధ్యతనూ ఆస్తులనూ రిలయన్స్ జనరల్‌కు అప్పగించమని నియంత్రణ సంస్థ ఆదేశించింది.

నేను ఆంక్షలకు వ్యతిరేకిని కాను. ఆ మాట స్పష్టంగా చెప్పాలి. నియంత్రణ లేని రోజులు ఎలా ఉండేవో చరిత్ర చెబుతుంది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో మచిలీపట్నంలో 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టినప్పుడు, మన డబ్బు మన దగ్గరే ఉండాలనే ఆశయం దాని వెనుక ఉంది. అన్ని కంపెనీలూ అటువంటి ఆశయంతో నడవలేదు. 1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం జీవిత బీమా యాజమాన్యాన్ని స్వాధీనం చేసుకున్న రోజు ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రేడియోలో దాని కారణాలు చెప్పారు. అంతకుముందు పదేళ్లలో 25 కంపెనీలు దివాలా తీశాయి, మరో 25 కంపెనీల వ్యాపారాన్ని పాలసీదారుల నష్టంతో ఇతరులకు అప్పగించవలసి వచ్చింది. 245 కంపెనీలూ సొసైటీలూ కలిసి ఆ ఏడు సెప్టెంబరు 1న ఎల్ఐసీ ఏర్పడింది. ఎల్ఐసీ పాలసీలకు కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది, 1956 చట్టంలోని 37వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరిచింది 1999 నాటి చట్టం. తలుపులు తెరిచినప్పుడు కాపలా ఉండాలి కదా. ఆ కాపలా ఎవరి వైపు చూస్తోందన్నదే నా ప్రశ్న.

52ఎ సెక్షన్‌ను మరొకసారి చదవండి. అడ్మినిస్ట్రేటర్‌ను నియమించే ముందు కంపెనీకి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. న్యాయమే. పాలసీదారుకు అటువంటి అవకాశం అందులో లేదు. దాని తర్వాతి సెక్షన్ ఇంకా ఆలోచింపజేస్తుంది. అడ్మినిస్ట్రేటర్ తన నివేదికలో సూచించగల మార్గాలను అది చెబుతుంది: వ్యాపారాన్ని మరో కంపెనీకి బదిలీ చేయడం, అదే కంపెనీతో కొనసాగించడం, కంపెనీని మూసివేయడం, మరేదైనా. కొనసాగించేటప్పుడు పాలసీ మొత్తాన్ని అలాగే ఉంచవచ్చు, తగ్గించనూ వచ్చు. లక్ష రూపాయల బాండు ఉన్నామె చేతికి లక్ష కంటే తక్కువ వచ్చే అవకాశం చట్టంలోనే ఉందన్నమాట. అంత పెద్ద నిర్ణయం జరిగే చోట ఆమెను అడిగేవాళ్లు లేరు.

బ్యాంకులో దాచుకున్న డబ్బుకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ప్రైవేటు జీవిత బీమా కంపెనీ మూతపడితే పాలసీదారుకు ఇంత వస్తుందని చెప్పే అటువంటి హామీ మన చట్టంలో లేదు. ఇంగ్లండులో దీర్ఘకాల బీమా కంపెనీ విఫలమైతే పాలసీదారుకు పూర్తిగా చెల్లించే పథకం ఉంది. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఒక పరిమితి వరకు చెల్లించే హామీ సంఘాలున్నాయి. అక్కడి స్త్రీకి ఉన్న భరోసా మిరప చేలో కూలి చేసే స్త్రీకి ఎందుకు ఉండకూడదు?

అరుగు మీద ఆమె చెప్పిన మాటను కాస్త విప్పి చూద్దాం. "అగ్రిగోల్డు మాదిరి" అన్నదామె. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ దాదాపు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయల మేరకు వసూలు చేసి, 2014-15 నాటికి తిరిగి ఇవ్వలేకపోయింది. 10,000 రూపాయల లోపు డిపాజిట్లు ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది 2019 నవంబరులో. అది బీమా కంపెనీ కాదు, బీమా నియంత్రణ సంస్థ పర్యవేక్షణలో అసలు లేదు. చదువుకున్న మనకు ఈ రెంటికీ తేడా తెలుసు. పశ్చిమ ప్రకాశం పల్లెల్లో మాత్రం ప్రజల అనుభవం ఒకే పాఠం నేర్పింది: కంపెనీ మీద కేసు అంటే డబ్బు పోయినట్టే, ఇంకా కడితే ఇంకా పోతుంది. ఆ అనుభవంలోంచి చూస్తే ఆమె నిర్ణయంలో అజ్ఞానం లేదు, వివేకమే ఉంది. కాని బీమా విషయంలో ఆ వివేకమే ఆమెకు ఎదురు తిరిగింది. బీమాలో ప్రీమియం ఆగితే రక్షణ కూడా ఆగుతుంది. ఏడాదికొకసారి కట్టేవాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది, అది దాటితే ల్యాప్స్. ఆ రోజుల్లో దీర్ఘకాల పాలసీలకు మూడేళ్లు ప్రీమియం కడితే తప్ప ఏ విలువా చేకూరేది కాదు. ఆమె కట్టింది రెండేళ్లు. 12,000 రూపాయలూ పోయాయి, భర్త ప్రాణానికి రావలసిందీ పోయింది.

మన సమాజంలో ఇంటి పొదుపు స్త్రీ చేతి పని. కాగితాల మీద పేరు మాత్రం పురుషుడిది. కంపెనీ నుంచి ఉత్తరం వస్తే అది "పాలసీదారు" పేరున వస్తుంది. ఆయన హైదరాబాదులోనో గుంటూరులోనో పనిలో ఉంటాడు. మెసేజీ వస్తే ఆయన ఫోనుకు, అదీ ఇంగ్లీషులో. 2015లో చేసిన సవరణ తర్వాత, నామినీగా ఉన్న భార్య ఆ సొమ్ముకు నిజమైన హక్కుదారు అని చట్టం ఒప్పుకుంది. ఆ హక్కుదారుకు ప్రమాదం గురించి ముందుగా చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. భర్త పోయాక డబ్బు ఆమెది. భర్త ఉండగా సమాచారం ఆమెది కాదు. పితృస్వామ్యం చట్టంలో దూరే దారి ఎప్పుడూ ఇంత మెత్తగానే ఉంటుంది.

ఇదే ఊళ్లో మరో స్త్రీని కలిశాను. ఇంటరు చదివిన కోడలు. ఇల్లిల్లూ తిరిగి ఆ పాలసీలు చేయించిన ఏజెంటు ఈమే. ఆడవాళ్లు ఆడమనిషిని నమ్ముతారని ఏజెంట్లుగా వీళ్లను చేర్చుకుంటారు. పుకారు పుట్టిన రోజు నుంచి జనం వచ్చింది ఈమె గడపకే.

"పెద్ద ఆఫీసుకు ఎవురూ పోలేదక్కా, అందరూ మా ఇంటికే వచ్చిరి. మా అత్తమ్మయితే నువ్వు ఊరి పరువు తీస్తివి అన్నది. మన కంపెనీకి ఏం కాలేదని చెప్పడానికి నా చేతిలో ఒక కాగితమన్నా లేకపాయె."

కంపెనీ పెద్దలు ట్రిబ్యునల్‌లో వాదించుకుంటారు. నియంత్రణ సంస్థకు న్యాయవాదులున్నారు. ఊళ్లో మిగిలేది ఈమె. పరిశ్రమ మొత్తం మీద సడలిన నమ్మకానికి, కొద్దిపాటి కమీషనుకు పనిచేసిన ఒక కోడలు జవాబుదారీ అయింది. ఇది కూడా స్త్రీల శ్రమే, ఏ లెక్కలోకీ రాని శ్రమ.

ఈ మాటలకు ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఆంక్షల సంగతి ఊరూరా చాటితే జనం భయపడి అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి అడుగుతారు, నిలబడగల కంపెనీ కూడా కూలిపోతుంది, కాబట్టి నెమ్మదిగా ఉండటమే మంచిది అని. ఈ వాదనలో కొంత నిజం ఉంది. కాని పెద్దారవీడులో జరిగిందేమిటి? అధికారులు నెమ్మదిగా ఉన్నారు, పుకారు నెమ్మదిగా లేదు. భయం ఎలాగూ వచ్చింది, దానితో పాటు రావలసిన వివరణ రాలేదు. "మీ పాత పాలసీ నడుస్తోంది, ప్రీమియం ఆపకండి, రసీదు దాచుకోండి, క్లెయిము ఉంటే ఫలానా చోట అడగండి" అనే నాలుగు వాక్యాలు తెలుగులో వచ్చి ఉంటే భయం పెరిగేదా, తగ్గేదా?

ఉత్తర్వు ఊరికి చేరదన్న మాట కూడా నేను ఒప్పుకోను. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, వసూళ్లకు ఇళ్ల మీదికి రాకూడదు, పంచాయతీ ఆఫీసు వంటి చోటనే తీసుకోవాలి అన్న సంగతి చూస్తుండగానే సంఘాల స్త్రీలందరికీ తెలిసిపోయింది. ప్రభుత్వం తలుచుకుంటే చట్టం వాడవాడకూ నడిచి వస్తుంది. సూక్ష్మ బీమా పాలసీలను పాలసీదారుకు సులభంగా అర్థమయ్యే స్థానిక భాషలో ఇవ్వాలని 2005లోనే నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. అమ్మేటప్పుడు తెలుగు కావలసి వచ్చినప్పుడు, ఆపేటప్పుడు ఎందుకు అక్కర్లేకపోయింది?

మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. అదే 2005 నిబంధనలు స్వచ్ఛంద సంస్థలకూ, స్వయం సహాయక సంఘాలకూ సూక్ష్మ బీమా ఏజెంట్లుగా పనిచేసే అవకాశం ఇచ్చాయి. మనలో చాలా సంస్థలు సభ్యులను గ్రూపు పాలసీల్లో చేర్పించాయి. చేర్పించిన రోజు సమావేశం పెట్టాం, ఫొటోలు తీసుకున్నాం, నివేదికల్లో సంఖ్యలు రాశాం. ఆ కంపెనీ పరిస్థితి ఏమిటో ప్రతి ఏడూ ఒకసారైనా తెలుసుకున్నామా? సభ్యురాలి రసీదు ఆమె దగ్గర ఉందా, మన బీరువాలో ఉందా? ఆంక్షల వార్త వచ్చినప్పుడు సంఘం సమావేశంలో ఆ విషయం చర్చించామా? నేనూ ఈ నేరంలో భాగస్వామినే. పొదుపు మీద ఏళ్ల తరబడి ప్రశ్నావళులు పట్టుకుని తిరిగాను, "మీరు కట్టే కంపెనీ గురించి మీకు ఎవరు చెబుతారు?" అనే ప్రశ్న వాటిలో ఒక్కసారీ లేదు.

అందుకే కొన్ని విషయాలను మనం స్పష్టంగా అడగాలి. ఒక బీమా కంపెనీ మీద ఆంక్షలు విధించిన వెంటనే, ఆ ఉత్తర్వు సారాంశం ప్రాంతీయ భాషలో ప్రతి పాలసీదారుకూ, ఆమెతో పాటు నామినీకీ చేరాలి. పోస్టాఫీసులో, పంచాయతీ ఆఫీసులో, సంఘాల సమావేశాల్లో దాన్ని చదివి వినిపించాలి. ఏ కంపెనీ మీద ఆంక్షలున్నాయో, ఏవి లేవో తేడా తెలిసేలా ఉండాలి. ఆంక్షలు ఉన్న కాలంలో ఆ కంపెనీ చిన్న పాలసీలు ల్యాప్స్ కాకూడదు; ప్రీమియం కట్టడానికి గడువు పొడిగించి, వడ్డీ, వైద్య పరీక్ష లేకుండా పునరుద్ధరించాలి. ఆ కాలంలో చావు జరిగితే కట్టవలసిన ప్రీమియం మినహాయించుకుని క్లెయిము చెల్లించాలి. పాలసీ మొత్తాలను తగ్గించే అధికారం పేదల చిన్న పాలసీలకు వర్తించకూడదు. వాటికి హామీ నిధి ఉండాలి. కంపెనీ వాదన విన్నట్టే పాలసీదారుల తరఫున కూడా వినాలి. క్షేత్రంలో ఉన్న ఏజెంట్లకు సంగతి రాతపూర్వకంగా అందాలి.

ఇవి వచ్చేవరకు మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ఈసారి సంఘం సమావేశంలో పాసు పుస్తకాలతో పాటు బీమా బాండ్లు కూడా తెమ్మనండి. ఏ కంపెనీ, ఎవరి పేరు, నామినీ ఎవరు, ఆఖరి రసీదు ఎప్పటిది అని రాసుకోండి. పుకారు వస్తే ప్రీమియం ఆపే ముందు నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 155255కు ఫోను చేసి అడగమనండి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ఆ ఇంటి నుంచి లేచి వచ్చేటప్పుడు ఆమె బాండును మళ్లీ కవరులో పెట్టి, కవరును జాగ్రత్తగా మడిచింది. దేనికీ పనికిరాని కాగితమని తెలిసినా పారేయలేదు. "ఒక్కమాట ముందే ఎవురన్నా చెప్పింటే కట్టేదాన్నే గద మేడమ్" అన్నది. ఆ ఒక్క మాట చెప్పవలసిన బాధ్యత కంపెనీది, నియంత్రణ సంస్థది, ప్రభుత్వానిది. వాళ్లు చెప్పనప్పుడు చెప్పవలసిన బాధ్యత మనది. ఆమె సంఘంలో ప్రీమియం ఆపేసిన మిగతా ముగ్గురి పాలసీలు ఏమయ్యాయో ఆ రోజు నేను అడగలేదు. మీరు పనిచేసే ఊళ్లలో ఆ ప్రశ్న అడగండి.